అరజానెడు టేపు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీరు ఆయన్ని అడిగితే "డ్రమ్స్ వాయిస్తాను" అంటాడు తప్ప లిఫ్టుల ఊసెత్తడు. ఒకసారి ఎవరో నలుగురు లిఫ్టులో ఇరుక్కుని లోపల్నుంచి దబదబా తలుపు బాదుతుంటే, ఈయన పనిముట్ల సంచీ కింద పెట్టి, చెవి ఒగ్గి విని, "మూడోవాడెవడో గానీ బీటు తప్పడం లేదు" అన్నాడట. అలాంటి మనిషిని మా అక్క ఏరికోరి చేసుకుంది. ఆ ఫలితం మేమంతా అనుభవిస్తున్నాం.

మాకో బ్యాండుంది. దానికో మంచి పేరు కూడా పెట్టుకున్నాం గానీ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు ఆ పేరుతో పిలవరు, "లిఫ్టాయన బ్యాండు" అంటారు. ఇరవై నాలుగేళ్ళ నుంచి పుట్టినరోజులకీ, స్కూలు వార్షికోత్సవాలకీ, కొత్త షాపుల ప్రారంభాలకీ, రిటైరైనవాళ్ళ వీడ్కోలు సభలకీ మేమే. సొంత పాట ఒక్కటి లేదు, అన్నీ ఎవరో ఎప్పుడో పాడినవే. అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనపడలేదు.

బ్యాండులో నలుగురం. బావ డ్రమ్స్. బేస్ గిటారు హైస్కూలు లెక్కల మాస్టారిది. వేళ్ళు తీగల మీదుంటాయి, పెదాలు ఒకటి రెండు మూడు అంటూ కదులుతుంటాయి. మామూలు గిటారు పోస్ట్‌మాన్ వాయిస్తాడు. ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మమూ అతనికి తెలుసు, పాటలో తన చోటు మాత్రం ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటాడు. కీబోర్డూ పాటా నావి. పగలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అన్నిటికీ సెలవుంది గానీ నా నోటికి సెలవు లేదని బావ అంటుంటాడు, అననివ్వండి.

ప్రాక్టీసు పరుపుల దుకాణం గోడౌన్‌లో. ఆ దుకాణదారుకి మామీద ప్రేమేమీ కారిపోవడం లేదు. చుట్టూ పరుపులే కాబట్టి ఎంత వాయించినా చప్పుడు వీధిలోకి రాదని ఆయన ధైర్యం. ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని పరుపులు గోడల పొడుగునా నిలబెట్టి ఉంటాయి. ఎండాకాలం అక్కడ రెండు గంటలు వాయిస్తే నలుగురం తడిసి ముద్దవుతాం. అయినా ఏ ఆదివారమూ మానలేదు. మానితే బావ ఊరుకోడు.

ఇక కిటికీ పాట సంగతి చెప్పాలి, అసలు కథంతా దానిదే.

బావకి పద్నాలుగేళ్ళప్పుడు రేడియోలో ఒకావిడ పాడేది. సినిమా పాటలు కావు, బజారులో క్యాసెట్లుగా దొరికేవీ కావు. రేడియోవాళ్ళు వేసినప్పుడు వినాల్సిందే. "తెరువు కిటికీ" అని మొదలయ్యే పాట ఒకసారి వస్తుంటే, బావ వాళ్ళ మేనమామ ఇచ్చిన పాత టేప్ రికార్డరులో పట్టేశాడు. ఇక ఆ ఇంట్లో శాంతి లేదు. స్నానాల గదిలోని బకెట్ బోర్లించి, రెండు చెక్క గరిటెలు పట్టుకుని, ముందు వాటిని టక్ టక్ టక్ టక్ అని నాలుగుసార్లు కొట్టేవాడట. చేతులు ఖాళీ లేవు కదా, అందుకని నాలుగో దెబ్బ పడగానే ఎడమకాలి బొటనవేలితో టేప్ రికార్డరు బటన్ నొక్కేవాడు. పాట మొదలయ్యేది.

"నేను లెక్క ఇస్తే గానీ ఆవిడ నోరు విప్పదు తెలుసా?" అని వాళ్ళమ్మ దగ్గర గొప్పలు పోయాడట.

"సరేరా, ముందా బకెట్ ఇటివ్వు, నీళ్ళు పట్టాలి" అందట ఆవిడ.

ఆ అలవాటు వల్లే ఇవాళ్టికీ బావ చెప్పులు విప్పేసి ఒట్టికాళ్ళతో డ్రమ్స్ వాయిస్తాడు. సూటూ బూటూ వేసుకున్న పెద్దల ముందు కూడా అంతే. మా అక్కకి అదొక్కటే పరువు తక్కువ.

బ్యాండు పెట్టాక ఆ టేపు విని బావ మాకందరికీ కిటికీ పాట నేర్పాడు. టేపు పాడవుతుందని ఎవరి చేతికీ ఇవ్వలేదు, తాను పాడి వినిపించాడు, మేం పట్టుకున్నాం. మేం వాయించి వాయించి ఊరికి పట్టించాం. మా ఊళ్ళో ఆ పాట రానివాళ్ళు లేరు. చివరి చరణం అయీ అవగానే, ఊపిరి కూడా తీసుకోకుండా, గోడ దూకినట్టు పల్లవిలోకి దూకుతాం. ఆ దూకుడు దగ్గర జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టి మాతో గొంతు కలుపుతారు. ముసలివాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేస్తారు. ఇరవై నాలుగేళ్ళలో అది జరగని రోజు లేదు.

మొన్న ఒక సోమవారం పొద్దున బావ ఏదో ఆఫీసు బిల్డింగులో లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి తాళ్ళకి గ్రీజు పూస్తున్నాడు. ఫోన్ మోగింది. కొత్తగా కట్టిన టౌన్ హాలు మేనేజరు. శనివారం సాయంత్రం అయిదింటికి హాలు ప్రారంభం, పాడడానికి ఆ రేడియో ఆవిడ వస్తోంది, తన వెంట వయొలిన్ ఆయన్ని ఒక్కణ్ణే తెచ్చుకుంటుంది, తక్కిన వాయిద్యాలకి ఊరివాళ్ళే అయితే బాగుంటుందని ఆవిడే అడిగింది, కిటికీ పాట మీకు వచ్చు కదా అన్నాడు.

బావ అరిచిన అరుపు ఏడంతస్తులూ ఎక్కి దిగిందట. లిఫ్టు తెగి పడిందనుకుని జనం మెట్ల మీద పరుగులు పెట్టారు.

అదే గ్రీజు చేతులతో నేరుగా మా షాపుకొచ్చి పడ్డాడు. నేనొక పెద్దాయనకి కొత్త అద్దాలు సరిచేస్తున్నాను.

"మరదలా! ఆవిడొస్తోంది!"

"ఏ ఆవిడ?"

"ఏ ఆవిడేంటే! ఆవిడే! నేను వాయిస్తాను, ఆవిడ పాడుతుంది! శనివారం! నా వెనకాల... కాదు, ఆవిడ వెనకాల నేను!"

నా చేతిలో కళ్ళజోడు, కుర్చీలో కళ్ళజోడు లేని పెద్దాయన. "ఎవరమ్మా అది? ఏమైనా గొడవా?" అని ఆయన గాభరా పడుతున్నాడు. నేనేమో కౌంటరు మీద రెండు చేతులూ చరిచి ఎగిరాను. నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్న ఆడదాన్ని, షాపులో, పట్టపగలు! సిగ్గేమీ అనిపించలేదు. అంత సంతోషం వచ్చినప్పుడు కూడా ఎగరకపోతే ఇంకెప్పుడు ఎగురుతాం?

మంగళవారం సాయంత్రం గోడౌన్‌లో కలిశాం. ఆవిడ పంపిన పాత రికార్డింగును బావ ఫోనుకి పంపాడు మేనేజరు, దానితో పాటు వాయించి చూసుకోమని. స్పీకరు తగిలించాం. పాట మొదలైంది. అబ్బ, ఏం గొంతు! పోస్ట్‌మాన్ కూడా ఆ రోజు తన చోటు వెతుక్కోకుండానే దొరకబుచ్చుకున్నాడు. మొదటి చరణం, రెండో చరణం, మూడోది. "తలుపు వేసి వెళ్ళినవాళ్ళు మరలి వచ్చే వేళకైనా" అని చివరి లైను ముగిసింది. మేం నలుగురం ఎప్పటిలాగే దూకాం.

స్పీకరులో ఎవరూ లేరు. పాట లేదు, వయొలిన్ లేదు, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మేమొక్కళ్ళమే ఊరేగింపు తప్పిపోయినవాళ్ళలా దడదడా వాయించుకుంటూ పోతున్నాం. సరిగ్గా నాలుగు దెబ్బలయ్యాక ఆవిడ తాపీగా "తెరువు కిటికీ" అని అందుకుంది. అప్పటికి మేం కిటికీ తెరిచి వీధి చివరిదాకా వెళ్ళిపోయాం.

అందరం ఆపేశాం.

"ఫోను ఆగిందేమో" అన్నాడు బావ.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే. మూడోసారి మాస్టారు చేత్తో తాళం వేసి చూసి, "నాలుగు. ఇక్కడ నాలుగు మాత్రలు ఆగాలి. మనం ఆగడం లేదు" అన్నారు.

"రికార్డింగే తప్పేమో" అన్నాడు బావ.

"ఆవిడ పాట ఆవిడకే రాదంటారా?" అన్నారు మాస్టారు.

బావ స్కూటరు తీసి ఇంటికి పోయి పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో బిస్కెట్ల డబ్బా. అందులోంచి ఆ క్యాసెట్ తీసి, పెన్సిలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. నాకు గుర్తున్నంతలో అది ఎవరికైనా చూపించడం అదే మొదటిసారి. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. టేపు మీద పసుపుపచ్చగా మాసిపోయిన గమ్ టేపు అతుకు.

"పట్టిన మర్నాడే మెషీను నమిలేసింది," అన్నాడు తల ఎత్తకుండా. "నలిగిపోయిన ముక్క కత్తెరతో కోసి అతికించాను. అరజానెడే. అందులో ఏముందో నాకు గుర్తు కూడా లేదు. ఏమీ లేదులే అనుకున్నాను."

"నిజమే కదన్నా, ఏమీ లేదు" అన్నాడు పోస్ట్‌మాన్, ఓదారుస్తున్నాననుకుని.

నవ్వొచ్చింది నాకు. పొట్ట పట్టుకుని నవ్వాను. టేప్ రికార్డరు నమిలేసిన పాట ఊరు ఊరంతా పాతికేళ్ళ నుంచి పాడుతోంది! కానీ బావ మొహం చూశాక నవ్వు గొంతులోనే ఆగిపోయింది. మనిషి పాలిపోయి ఉన్నాడు.

అప్పుడు వాయించడం మొదలుపెట్టాం, ఆగడం నేర్చుకోవడానికి. పోస్ట్‌మాన్ రెండోసారికి ఆగాడు. నేను మూడోసారికి ఆగాను. మాస్టారి సంగతి సరేసరి. బావ ఆగలేకపోయాడు. చరణం అయిందంటే చాలు, చేతులు వాటంతటవే వెళ్ళి పల్లవి మీద పడిపోతున్నాయి. పదిసార్లు, పదిహేనుసార్లు. ముప్పై రెండేళ్ళ అలవాటు చేతులకి. చివరికి మాస్టారు గొంతు సవరించుకుని, "ఒక్క మాట. కీబోర్డులో బటన్ నొక్కితే దానంతటదే మోగే రిథమ్ ఉంటుంది. ఆ ఒక్క పాటకీ..." అన్నారు.

"ఆ ఒక్క పాటకీ?" అన్నాను నేను. నా గొంతు నాకే బాగోలేదు.

"మాస్టారు చెప్పింది నిజమే మరదలా," అన్నాడు బావ. "ఆవిడ పాటని ఆవిడ ముందే పాడుచెయ్యడం కంటే నేను పక్కన కూర్చోవడం మేలు. తక్కినవి వాయిస్తాలే."

ఒళ్ళు మండిపోయింది. "నోరు ముయ్యి బావా! ఎవరికోసం ఎగిరాం నిన్న? ఆ రిథమ్ నేను నొక్కను. నొక్కమని ఎవరైనా అంటే కీబోర్డు తీసుకుని ఇంటికి పోతా. మీరు కూడా మాస్టారూ, పిల్లలకి ఎక్కం రాకపోతే క్యాలిక్యులేటర్ ఇచ్చి కూర్చోబెడతారా?" అని కడిగేశాను. మాస్టారు నొచ్చుకున్నారు. తర్వాత క్షమించమని అడిగాను గానీ అప్పుడు మాత్రం అనాలనే అన్నాను.

బుధవారం అక్క రంగంలోకి దిగింది. అక్క మందుల షాపులో పనిచేస్తుంది. తనకి సంగీతం పట్టదని చెప్పుకుంటుంది, అదంతా ఒట్టిది. "రోజుకి మూడుపూటలా, భోజనం తర్వాత" అని చీటీ రాసినట్టు చెప్పి, బావని వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, చరణం పాడుతూ, ఆగాల్సిన చోట గరిటె ఆయన చేతుల మీద ఆనించి పట్టుకునేది. గరిటె ఉన్నంతసేపూ ఆగేవాడు. గరిటె తీస్తే దూకేవాడు.

"ఏమండీ, స్టేజీ మీదికి కూడా గరిటె తీసుకురమ్మంటారా నన్ను?" అంది.

గురువారం కూడా అంతే. ఆ రాత్రి బావ అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడని, మనిషి చూస్తే జాలేస్తోందని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఒక్క పాట, ఒక్క సాయంత్రం. పద్నాలుగో ఏట నుంచి ఆయన అడిగిందల్లా అంతే. అది చేతికందే వేళకి ఇలా అయింది.

శుక్రవారం మధ్యాహ్నం బావ నుంచి ఫోన్. "ఉన్నపళంగా రా. ఆఫీసు బిల్డింగుకి. రా అంటే రా!"

ఏమైందోనని పరుగున వెళ్ళాను. కింద లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను లోపలికి లాగి మూడో అంతస్తు బటన్ నొక్కాడు. లిఫ్టు కదలగానే చివరి చరణం ఎత్తుకున్నాడు. "తలుపు వేసి వెళ్ళినవాళ్ళు మరలి వచ్చే వేళకైనా" అని ఆయన ముగించడమూ లిఫ్టు ఆగడమూ ఒకటే. చేతులు గాల్లో ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలుపు తెరుచుకుంది. బావ లిఫ్టు గోడ మీద ధన్‌మని కొట్టి "తెరువు కిటికీ!" అని అందుకున్నాడు.

బయట ఫైళ్ళు పట్టుకున్న ఇద్దరు ఉద్యోగులు లోపలికి రావాలా పారిపోవాలా అని చూస్తున్నారు.

"పొద్దున్నుంచీ నలభైసార్లు ఎక్కి దిగాను," అన్నాడు బావ, చెమటలు కారిపోతూ, మొహం వెలిగిపోతూ. "లిఫ్టు ఆగీ ఆగగానే తలుపు తెరవకూడదు మరదలా. సరిగ్గా నిలబడిందో లేదో చూసుకుని అప్పుడు తెరవాలి. ఆ కాస్తసేపు ఎంతుందో నా చేతులకి బాగా తెలుసు, రోజూ పెట్టేది నేనేగా! పాటలోనే ఇన్నాళ్ళూ తలుపు ముందే తెరిచేశాను."

ఇంకో పదిసార్లు ఎక్కి దిగాం. ఒక్కసారి కూడా తప్పలేదు. పదోసారి ఆ ఉద్యోగులిద్దరూ కూడా మాతో పాటు ఎక్కి లెక్కపెట్టారు. నేను అక్కకి ఫోన్ చేసి, "గరిటె అవసరం లేదే!" అని అరిచాను.

శనివారం మూడింటికే హాలుకి చేరాం. కొత్త రంగు వాసన, కుర్చీలకింకా ప్లాస్టిక్. నాలుగింటికి ఆవిడొచ్చింది. ఎంత చిన్న మనిషో! డెబ్బై అయిదుంటాయి. నా భుజం దాకా కూడా లేదు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతోంది, మాటిమాటికీ తోసుకుంటోంది. నేనుండబట్టలేక, "ఒక్క నిమిషం ఇలా ఇవ్వండమ్మా" అని సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి మర బిగించి ఇచ్చాను.

"మీ ఊరి బ్యాండు భలే ఉందే, కళ్ళజోళ్ళు కూడా బాగుచేస్తారా?" అంది.

"లిఫ్టులు కూడా" అన్నాను.

"డ్రమ్స్ ఎవరు?"

బావ బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. నోట్లోంచి మాట మాత్రం రాలేదు. నేనూరుకుంటానా? మోచేత్తో పొడిచాను. అయినా రాలేదు. ఆవిడ ఆయన ఒట్టికాళ్ళు చూసింది.

"కిటికీ పాట మా వయొలిన్ ఆయన ఎత్తుకుంటాడు, మీరు వెంట వచ్చేయండి" అంది. బావ సరేనని తలూపాడు. లెక్క తాను ఇవ్వాలని మనసులో ఉందని నాకు తెలుసు. అడగడు. అడిగే రకమైతే మనకీ కథే లేదు.

అయిదింటికి హాలు నిండిపోయింది. ఎనిమిది వందల కుర్చీలు, గోడల వెంబడి నిలబడ్డవాళ్ళు వేరే. పరుపుల దుకాణదారు ముందు వరసలో కూర్చున్నాడు. మాస్టారి శిష్యులు వెనక అల్లరి చేస్తున్నారు. అక్క మూడో వరసలో, చేతిలో గరిటె లేదు గానీ హ్యాండుబ్యాగు పిడి గట్టిగా పట్టుకుని ఉంది. మొదటి రెండు పాటలూ హాయిగా సాగిపోయాయి. మూడోది కిటికీ పాట. వయొలిన్ ఎత్తుకోగానే హాలు హోరెత్తింది.

ఆవిడ పాడుతోంది, నేను పక్కన శ్రుతి పడుతున్నాను. మొదటి చరణం. రెండో చరణం. మూడోది. బావ వైపు చూశాను. ఆయన కళ్ళు ఎక్కడో లిఫ్టులో ఉన్నాయి. "మరలి వచ్చే వేళకైనా" అని ఆవిడ ముగించింది. బావ చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆగాయి! మేం నలుగురం ఆగాం! ఒకటి...

"తెరువు కిటికీ!"

ఎనిమిది వందల గొంతులు! చప్పట్లు! మేం ఆగితే మాత్రం ఊరాగుతుందా? నాలుగు రోజులు మమ్మల్ని మేం సరిచేసుకున్నాం గానీ, ఊరికి ఈ పాట నేర్పింది మేమేనన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మాస్టారికి కూడా తట్టలేదు, అదీ విచిత్రం. జనం దూకేశారు, లేచి నిలబడి మరీ పాడుతున్నారు. స్టేజీ మీద మేమేమో చేతులు పైకెత్తుకుని బొమ్మల్లా ఉన్నాం. ఆవిడ మైకు పట్టుకుని, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా హాలు వైపు చూస్తోంది.

బావ నాలుగూ లెక్కపెట్టి గానీ చేతులు దించలేదు. దించేసరికి అంతా కలగాపులగం. పాట చెల్లాచెదురై ఆగిపోయింది. జనం కూడా ఏదో తేడా జరిగిందని గ్రహించి ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎనిమిది వందల మంది ఉన్న హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది.

ఆవిడ వెనక్కి తిరిగింది. "వీళ్ళకీ పాట ఇలా ఎవరు నేర్పారు?"

నేను నోరు తెరిచేలోపే వెనక వరసల్లోంచి మాస్టారి శిష్యుడెవడో "లిఫ్టాయన!" అని అరిచాడు. ఇక హాలంతా "లిఫ్టాయన! లిఫ్టాయన!" అని సంతోషంగా వేళ్ళు చూపించింది. ఇంతకన్నా మంచి మనుషులు, ఇంతకన్నా మనిషి కొంప ముంచేవాళ్ళు ఎక్కడా ఉండరు.

బావ లేచి నిలబడ్డాడు. అప్పటికొచ్చింది నోట మాట. "తప్పు నాదేనమ్మా. చిన్నప్పుడు రేడియోలో పట్టాను. మెషీను టేపు నమిలేస్తే అరజానెడు కోసి అతికించాను. ఆ నాలుగూ అందులో పోయాయి. నాకూ మంగళవారం దాకా తెలియదు. ఊరందరికీ తప్పు నేర్పాను. క్షమించండి."

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని నా ప్రాణాలు పోయాయి. నవ్వుతోంది! మైకులో నవ్వేసరికి హాలంతా వినబడింది.

"ఆ రోజు నాకు జలుబయ్యా," అంది. "రికార్డింగు రోజున. చివరి చరణం అయ్యేసరికి ఊపిరి అందలేదు. కాస్త ఆగి అందుకుంటానంటే మా మ్యూజిక్ డైరెక్టరు సరేనన్నాడు. తర్వాత ఆ ఆగడం ఎంత బాగుందో, ఎంత లోతుందో అని ఎక్కడికెళ్ళినా మెచ్చుకోవడమే! నేను నోరు మూసుకుని ఊరుకున్నాను."

హాలు పగలబడి నవ్వింది. అక్క లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. బావ మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"మళ్ళీ మొదట్నుంచి పాడదాం," అంది ఆవిడ. "మీ ఊరి పద్ధతిలోనే. ఆ దూకుడు దగ్గర నాకు ఊపిరి అందకపోతే ఇంతమంది ఉన్నారుగా, మీరు పాడండి." వయొలిన్ ఆయన కమాను ఎత్తబోయాడు. ఆవిడ చేత్తో వారించింది. "నువ్వుండు. ఈ పాట ఇప్పుడు ఆ డ్రమ్స్ అబ్బాయిది." నలభై ఆరేళ్ళ బట్టతల అబ్బాయి! ఆయన వైపు తిరిగి అంది. "కూర్చో నాయనా. నువ్వు లెక్క ఇవ్వు. నువ్విస్తే గానీ నేను మొదలుపెట్టను."

బకెట్ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. ఒట్టు. ఎవరూ చెప్పలేదు.

బావ కూర్చున్నాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. కర్రలు రెండూ పైకెత్తి కొట్టాడు. టక్. టక్. టక్. టక్.

నాలుగో దెబ్బకి ఆయన ఎడమకాలి బొటనవేలు నేలని నొక్కింది. ఆవిడ పాట మొదలుపెట్టింది.